బాలవ్వ చూసిన హాళ్లు

మా కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు కమ్యూనిటీ హాలు లేని కులం లేదు. ఎన్నికలు దగ్గరపడితే నిధులొస్తాయి. కొబ్బరికాయ కొడతారు, నాలుగు గోడలు లేపుతారు, ముందర ఒక షట్టరు బిగిస్తారు. ఆ షట్టరు తాళంచెవి ఎవరి జేబులో ఉండాలన్న దగ్గర సంఘం రెండుగా చీలుతుంది. ఏడాదికి ఏవో కొన్ని పెళ్లిళ్లు, కొన్ని దినాల భోజనాలు. మిగతా రోజుల్లో వడ్ల బస్తాలు, టెంట్‌హౌస్ సామాను, నీడకు వచ్చి పడుకున్న కుక్కలు. బోర్డు మీద మాత్రం సంస్కృతి, ఐక్యత, అభ్యుదయం అని ఉంటుంది. లోపల అడుగుపెడితే గబ్బిలాల కంపు.

అలాంటి హాళ్లు చూడటానికి సొంత పెట్రోలు పోసుకుని ఊళ్లు తిరిగానంటే నవ్వకండి. అది నా సరదా కాదు. మా పెద్దవ్వ బాలవ్వ తిప్పింది.

బాలవ్వ మా బాపుకు వదిన. మా పెద్దబాపు భూమన్న పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. పొద్దున లేస్తే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ అరుగు మీద కూర్చుంటుంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఇవన్నీ ఆమె వేళ్లే చేసుకుపోతాయి. కళ్లు మాత్రం రోడ్డు మీద పోయే ప్రతివాడి మీదా ఉంటాయి.

ఆమె చుట్టిన బీడీలన్నీ వరసగా పేరిస్తే మా ఊరి నుంచి బొంబాయి దాకా పోతాయేమో. కానీ లెక్కలో ఒక్కటి కూడా ఆమెది కాదు. ఖార్ఖానా వాళ్లు ఇంటికో కార్డు రాసిన రోజుల్లో ఆమె జ్వరంతో తల్లిగారింట్లో పడుంది. తిరిగొచ్చేసరికి కార్డు మీద ఆడబిడ్డ సత్తమ్మ పేరు ఎక్కింది. సత్తమ్మకు పెళ్లయి వెళ్లిపోయినా కార్డు ఇక్కడే ఉండిపోయింది. చుట్టింది బాలవ్వ, చుట్టినట్టు కార్డులో ఎక్కింది సత్తమ్మ పేరు. చివరికి బీడీ పింఛను కూడా సత్తమ్మకే వచ్చింది. పండక్కి వచ్చినప్పుడు సత్తమ్మ పాపం ఒక జాకెట్ గుడ్డ తెచ్చి పెడుతుంది. దాన్ని ప్రేమ అంటారట.

ఇంటి సంగతీ అంతే. పెద్దబాపు మస్కట్‌లో ఉండి పైసలు పంపిస్తే, ఇటుకలు మోసి, మేస్త్రీలతో కొట్లాడి, గోడలకు నీళ్లు పట్టి ఇల్లు నిలబెట్టింది ఆమె. ఆయన వచ్చి గేటు మీద 'భూమన్న నిలయం' అని రాయించాడు. పెళ్లిపత్రికల్లో ఆమె 'భూమన్న గారి కుటుంబం'. సంఘం చిట్టాలో 'భూమన్న భార్య'. ఊళ్లో సగం మందికి ఆమె అసలు పేరు తెలుసో లేదో నాకు అనుమానమే.

ఆమె పేరు మీద ఉన్నది ఒక్కటే. జగిత్యాల రోడ్డు పక్కన నాలుగు గుంటల జాగ, తల్లిగారు పసుపుకుంకుమ కింద ఇచ్చినది. ఆ గుంటల మీద మా బాపు కన్ను ఉంది. సంఘం కన్ను ఉంది. నా కన్ను కూడా ఉండేదే. కాకపోతే మా బాపు ఉండగా అది నా దాకా రాదని తెలుసు కాబట్టి ఆశ పెట్టుకోలేదు.

సంఘం అధ్యక్షుడు కరుణాకర్. దుబాయిలో ఏసీలు బిగించి వచ్చి ఇక్కడ తెల్లచొక్కా తొడిగాడు. ఎమ్మెల్యే పక్కన ఫోటోలో నిలబడటమే ప్రస్తుతం అతని వృత్తి. మొన్న చలికాలం ఒక పొద్దున నలుగురిని వెంటేసుకుని బాలవ్వ అరుగు ముందు దిగాడు.

"పెద్దవ్వా, నీ వాకిట్లకు అచ్చినం. కులం ఇజ్జత్ నీ చేతుల ఉన్నది."

"కూసోండ్రి. చాయ తాగుతరా?"

"చాయ అద్దు, జాగ కావాలె. హాలుకు ఫండు సాంక్షన్ అయింది. మార్చిలోపట జాగ సూపెట్టకపోతే ఎన్కకు పోతది. నువ్వు ఇయ్యి, నీ పేరు రాపిస్త."

బాలవ్వ చుట్టడం ఆపింది. ఆమె వేళ్లు ఆగడం నేను అదే మొదటిసారి చూడటం.

"ఏడ రాపిస్తవ్?"

"గోడ మీదనే."

"ముంగటి గోడనా, ఎన్క గోడనా?"

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. కరుణాకర్ కూడా నవ్వి, "ముంగటనే పెద్దవ్వా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

"నేను బతికుండంగనా?"

"అరే, గదేం మాట!"

"నీ మాట నమ్మి జాగ ఇచ్చినంక, రేపు నువ్వు రాపియ్యకపోతే నేను ఎవల్ని అడగాలె? ఊర్లల్ల మస్తు హాళ్లు ఉన్నయట గద. పోయి సూసొస్త. జాగ ఇచ్చినోళ్ల పేర్లు ఏడ రాసిండ్రో, ఎట్ల రాసిండ్రో సూసినంక చెప్త."

"సదువు రాదంటివి, ఏం సూస్తవ్?"

ఆమె నా వైపు గడ్డం ఊపింది. "గీ పోరడు సదువుతడు. కాలేజి ఇడిసిపెట్టిండు గని అచ్చరాలు ఇడిసిపెట్టలే గద."

కరుణాకర్‌కు అది తమాషాగా అనిపించింది. "ముందుగాల జమ్మికుంట పోండ్రి. మనోళ్ల హాలు. ఓపెనింగ్‌కు నేనే పోయిన. సూస్తే కడుపు నిండుతది," అన్నాడు.

జమ్మికుంట వెళ్లాం. పత్తి సీజను. మార్కెట్ యార్డు బయట ట్రాక్టర్ల వరస, గాలి నిండా దూది. హాలు షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల కొండలాగా పత్తి. యార్డులో చోటు చాలక ఎవరో వ్యాపారి కిరాయికి తీసుకున్నాడట. అభ్యుదయం అంతా పత్తి కింద ఉంది.

వాచ్‌మన్ రామచంద్రం ఆ పత్తి మీదే పడుకుని ఫోన్ చూస్తున్నాడు. హాలు చూడటానికి వచ్చామంటే, "పెండ్లి ఉన్నదా?" అన్నాడు. లేదంటే, "మరి సూసుడేంది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

బాలవ్వ తలెత్తి ఫ్యాన్లు చూసింది. ప్రతి రెక్క మీదా ఎర్ర రంగుతో ఏదో రాసి ఉంది. ఏమిటని అడిగింది. ఫ్యాన్లు ఇచ్చిన దాతల పేర్లని చెప్పాను.

"తిరిగితే కనవడయి. తిరగకపోతే ఉక్కకు ఎవడు కూసుంటడు?" అంది.

ముందు గోడకు నిలువెత్తు నల్లరాయి బిగించి ఉంది. పైనుంచి చదవడం మొదలుపెట్టాను. మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, జిల్లా పరిషత్తు, మండలం, మున్సిపాలిటీ, సంఘం అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, కోశాధికారి, ఇంజనీరు, చివరికి కాంట్రాక్టరు. కింది దాకా వచ్చి నేల మీద కూర్చున్నాను. అడుగున ఇంకో లైను ఉంది. కానీ తర్వాతెప్పుడో నేల ఎత్తు పెంచి టైల్స్ వేశారు. ఆ లైను టైల్స్‌లో మునిగిపోయింది. అక్షరాల తలకట్లు మాత్రం బయటికి తేలి ఉన్నాయి, నీళ్లలో మునిగినవాళ్ల జుట్టు లాగా.

"గదేం పేరురా?"

"తలకట్లే కనబడుతున్నయి పెద్దవ్వా. తలకట్లు చూసి ఏ పేరో ఎట్ల చెప్పాలె?"

రామచంద్రం పత్తి మీంచే జవాబిచ్చాడు. "గది జాగ ఇచ్చినాయిన పేరు. ముసలాయన. అప్పుడప్పుడు అచ్చి గా టైల్స్ దిక్కు సూసుకుంట నిలవడుతుండె. ఇప్పుడు అస్తలేడు."

"పేరేంది ఆయినది?"

"నాకేం ఎరుక?"

బాలవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఆ టైల్స్ కాసేపు చూసింది. "కిందికెళ్లి రాయనియ్యద్దు. మీదికెళ్లి రాయమనాలె," అంది. తనకు తాను చెప్పుకున్నట్టే అంది.

తిరుగుదారిలో కరీంనగర్‌లో ఆగాం. టౌన్లో ఒక సాంస్కృతిక భవనం ఉంది. కళాపోషకుడెవరో ఇచ్చిన స్థలం. ఆయన పేరు ఇనప అక్షరాల్లో ముందర మనిషంత ఎత్తున ఉంది. ఆ పేరు చెప్పి ఆటోవాళ్లను అడిగితే తెల్వదన్నారు. ఎదురుగా ఉన్న బిర్యానీ సెంటరు పేరు చెబితే, "గట్ల చెప్పు మరి!" అన్నారు.

లోపల ఏదో సంస్థ వాళ్లు కళాకారులకు సన్మానం చేస్తున్నారు. ఇలాంటి సభలు మీరూ చూసే ఉంటారు. కింద ఉన్నవాళ్ల కంటే వేదిక మీద ఉన్నవాళ్లు ఎక్కువ. వీడు వాడికి శాలువా కప్పుతాడు, వాడు వీడికి కప్పుతాడు. మధ్యలో ఫోటోగ్రాఫరు ఒక్కడే నిజంగా పనిచేస్తుంటాడు. వక్త ఒకడు అంతరించిపోతున్న జానపదం గురించి ఏడుపు గొంతుతో మాట్లాడుతున్నాడు. అతని ఫోన్ మోగితే మాట ఆపి, ఎత్తి, "భోజనాలకు వచ్చేయ్," అన్నాడు.

బాలవ్వ కాళ్లు నొప్పులని ముందు వరసలో కూర్చుంది. నేను బయట ఉన్న రాయి చదవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆమె వేదిక మీద ఉంది.

మైకులో ఒకడు, "పల్లె పాటకు ప్రాణం పోసిన జానపద గాయని పోశవ్వ గారు!" అని అరుస్తున్నాడు. ఇద్దరు పెద్దమనుషులు ఆమెకు శాలువా కప్పుతున్నారు. ముతక చీర కట్టిన ముసలామె ముందు వరసలో కనబడితే జానపదమే అయి ఉండాలని వాళ్ల లెక్క.

"నేను పోశవ్వను కాదు," అంది బాలవ్వ. మైకు దగ్గరే ఉంది కాబట్టి హాలంతా వినబడింది.

నిర్వాహకుడు ఆమె చెవి దగ్గర వంగాడు. అది కూడా మైకు పట్టింది. "ఏం గాదవ్వా. ఆమె రాలే. ఫోటో దిగు, పేపర్ల వేయాలె."

ఆమె శాలువా తీసింది. మడతపెట్టింది. కుర్చీ మీద పెట్టి దాన్ని ఒకసారి చేత్తో సాపు చేసింది.

"పోశవ్వ అచ్చినంక ఇయ్యి బిడ్డా. జిందగీ అంత సత్తమ్మ పేరు మీద బీడీలు చుట్టిన. ఇప్పుడు పోశవ్వ పేరు మీద శాలువ కప్పుకోవాల్నా?"

వేదిక దిగి వచ్చేసింది. వెనక ఎవడో ఇదంతా కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టాడు.

బయట బండి దగ్గర ఆమె పైట సవరించుకుంటూ, "శాలువ మంచిగుండె," అంది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాతి వారం నస్పూర్. అక్కడ ఆమెకు వరసకు చెల్లెలయ్యే కమలవ్వ ఉంది. భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఇంటింటికీ తిరిగి చందాలడిగి కాలనీలో హాలు కట్టించిన మనిషి. కట్టడం పూర్తి కాకుండానే గుండెపోటుతో పోయాడు. హాలుకు ఇప్పుడు ఆయన పేరే. బొగ్గు దుమ్ముకు నల్లబడిన గోడ మీద తెల్లరాయి మెరుస్తోంది. పేరు మొదటి లైన్లోనే ఉంది. బాలవ్వ ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది.

"ఏం రాసిండ్రు?"

"కీర్తిశేషులు అని మొదలుపెట్టి ఆయన పేరు రాసిండ్రు."

"అంటే?"

"సచ్చిపోయినాయన అని."

కమలవ్వ కొంగుతో ఆ రాయి తుడిచింది. రోజూ తుడుస్తుందట. హాలు తాళం సంఘం వాళ్ల దగ్గర ఉంటుంది. మనవరాలి చీరల ఫంక్షన్‌కు ఆమె కూడా కిరాయి కట్టే లోపలికి వెళ్లిందట. రాయి బయట ఉంది కాబట్టి తుడవడం ఉచితం.

"బతికున్నోళ్ల పేరు రాయరా చెల్లె?" అని అడిగింది బాలవ్వ.

కమలవ్వ నవ్వింది. "నువ్వు పిచ్చిదానివి అక్కా. బతికున్నోని పేరు రాస్తే రేపు అలుగుతడు, పార్టీ మారుతడు, జాగ ఎన్కకు ఇయ్యిమంటడు. సచ్చినోడు ఏం మారుతడు? మా ఆయిన ఉన్నన్ని రోజులు ఆయిన పేరు అంటే సంఘమోళ్లకు కడుపుమంటనే ఉండె. పోయినంక దేవుడైండు." మళ్లీ అంది, "నిర్మల్ దిక్కు ఒకాయిన ఉన్నడట. గంగయ్య. బతికుండంగనే ఆయిన పేరు రాయి మీద ఏసిండ్రట. మా అల్లుడు చెప్పిండు."

ఇక నేనేం చెప్పినా వినలేదు. లక్సెట్టిపేట, జన్నారం, ఖానాపూర్ మీదుగా ఆ అడవి రోడ్డున ముసలామెను వెనక కూర్చోబెట్టుకుని నిర్మల్ దాకా తోలాను. దారంతా నా భుజం పట్టుకుని, "బతికే ఉన్నడట," అని అంటూనే ఉంది.

నిర్మల్‌లో కొయ్యబొమ్మల దుకాణాలు దాటి, ఊరి బయట అడిగీ అడిగీ వెళ్తే ఒక మక్కచేను వచ్చింది. చేను మధ్యలో సిమెంటు దిమ్మె, దిమ్మెకు రాయి. హాలు లేదు. శంకుస్థాపన అయింది, అక్కడే ఆగింది. ఇలాంటి రాళ్లు మా దగ్గర ఎన్ని ఉన్నాయో, వాటిని పీకి పేరిస్తే నిజంగానే ఒక హాలు కట్టొచ్చు.

రాయి పక్కన గంగయ్య ఉన్నాడు. తెల్లమీసాలు దువ్వుకుని, మెడలో తువ్వాలతో, ఆ రాయికి తానే కాపలాదారైనట్టు నిలబడ్డాడు. మనుషులు చూడటానికి వచ్చారని తెలిసి పొంగిపోయాడు.

"సదువు పిలగా, గట్టిగ సదువు. మూడో లైను."

చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"మరి హాలేది అన్నా?" అంది బాలవ్వ.

"నేను వేలిముద్ర పెడితే గద హాలు! రాయి పాతిండ్రు, కొబ్బరికాయ కొట్టిండ్రు, రిజిస్ట్రీకి నడువు అన్నరు. నా పేరు ఉన్నది గని మా బాపు పేరేది అన్న. గది రాసేదాక వేలు పెట్ట అన్న. నాలుగేండ్లు అయితాంది. ఆళ్లు రాస్తలేరు, నేను పెడ్తలే. మక్కలు మంచిగ పండుతున్నయి."

నాకు ఒళ్లు మండింది. తన పేరు కోసం కాదు, పోయిన తండ్రి పేరు కోసం ఊరందరి హాలును ఆపి కూర్చున్న ముసలోడు. పైగా దానికో మీసం. కానీ బాలవ్వ ఆయన మీసాన్ని చూడటం లేదు.

"అంటే, ముందుగాల రాయి పాతుతరు. ఎన్కసిరి వేలు పెట్టిచ్చుకుంటరు," అంది మెల్లగా.

"అంతే గద!"

"ముందుగాల వేలు పెట్టకున్నా పేరు రాస్తరు."

"రాసిండ్రు గద, సూస్తలేవా?"

తిరుగు ప్రయాణంలో ఆమె నా భుజం పట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బండి వెనక దర్జాగా కూర్చుంది. పడిపోతావు పట్టుకోమంటే, "పడ," అంది.

కరుణాకర్‌కు షరతులు అరుగు మీదే చెప్పింది. ముందు రాయి. రాయి మీద మొదటి లైన్లో తన పేరు. ఎమ్మెల్యే పేరు దాని కింద. ఆ రాయి జాగలో నిలబడ్డాక, అదే రోజు రిజిస్ట్రీ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేస్తుంది. మొదటి లైను అనేసరికి కరుణాకర్ ముఖం మాడింది. కానీ మార్చి దగ్గరికొచ్చింది. ఫండు వెనక్కిపోతే అతను ఫోటోలో నిలబడటానికి చోటుండదు.

"సరే పెద్దవ్వా. నువ్వు చెప్పినట్టే."

భూమిపూజ రోజు మా ఊళ్లో మనిషి అనేవాడు ఇంట్లో లేడు. టెంటు, డీజే, కరుణాకర్ నవ్వుతున్న ఫ్లెక్సీలు. ఎమ్మెల్యే పొద్దున వస్తానని ఎండెక్కాక వచ్చాడు. బాలవ్వ పట్టుచీర కట్టుకుని, చాట ఇంట్లో పెట్టి, రాయికి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. పొద్దటి నుంచి నీళ్లు కూడా తాగలేదు. ఎమ్మెల్యే తాడు గుంజాడు, పరదా పక్కకు జరిగింది, డీజే వాడు బాజా కొట్టాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

"సదువురా," అంది నాతో.

నేను చదవబోయి ఆగాను. మొదటి లైన్లోనే ఉంది. ఎమ్మెల్యే కంటే పైనే ఉంది. పెద్ద అక్షరాలే.

"సదువుమంటే!"

"కీర్తిశేషులు బాలవ్వ గారి జ్ఞాపకార్థం."

ఆమెకు ఆ మొదటి మాట నస్పూర్‌లోనే తెలిసింది. డీజే వాడు ఆపేశాడు. ముందు వరసలో ఒకడు ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. ఎమ్మెల్యే పరిస్థితి చూసి, "దిష్టి పోయింది, నూరేళ్లు బతుకుతవ్ అవ్వా," అని రెండు చేతులూ జోడించి కారెక్కాడు. అందులో ఆయన ఆరితేరినవాడు.

కరుణాకర్ ఫోన్లో రాయి చెక్కేవాడి మీద అరుస్తున్నాడు. వాడేమో స్పీకర్లో తాపీగా, "ఆడామె పేరు మీద హాలు అన్నవ్ గదన్నా. ఆడోళ్ల పేరు అంటే ఇప్పటిదాక గట్లనే చెక్కిన. బతికున్న ఆడామె పేరు చెక్కుమని ఎవలు చెప్పలే. నువ్వు సుత బతికే ఉన్నదని చెప్పలే," అంటున్నాడు. నిజమే. కరుణాకర్‌కు ఆ ముక్క చెప్పాలని తోచలేదు.

"పరేషాన్ గాకు పెద్దవ్వా. రాయి మల్ల మార్పిస్త. జర నడువు, ఆఫీసు బంద్ అయితది," అని కారు తలుపు తీశాడు.

కోశాధికారి శ్యాంసుందర్ అడ్డొచ్చాడు. పొదుపు తెలిసిన మనిషి. "మార్చుడెందుకే? గ్రానైట్ ఊకె అస్తదా? ఇయ్యాల కాకపోతే రేపు పనికొచ్చేదే గద."

అంతమందిలో ఒక్కడు కూడా వాణ్ని తిట్టలేదు. కొందరైతే తలూపారు కూడా. మా బాపు వాళ్లలో ఒకడు.

బాలవ్వ కుర్చీలోంచి లేచింది.

"కరుణాకర్, నేను సచ్చిన్నారా?"

"అయ్యో పెద్దవ్వా, గట్లెందుకంటవ్!"

"నేనంటలే. రాయి అంటాంది. ఎమ్మెల్యే సారు పర్ద గుంజిండు, ఊరంత చప్పట్లు కొట్టింది. సచ్చినట్టే. మరి సచ్చినదాని వేలిముద్ర ఏ ఆఫీసుల తీసుకుంటరురా?"

ఈసారి నవ్వినవాళ్లు నోళ్లు మూసుకోలేదు. ఆమె నడుచుకుంటూ ఇంటికి వెళ్లి, పట్టుచీర మార్చి, చాట ముందు కూర్చుంది. పెళ్లికి తెచ్చినట్టు తెచ్చిన డీజే వెనక్కి వెళ్లింది. వండిన భోజనాలు మాత్రం వదల్లేదు మావాళ్లు. కీర్తిశేషురాలి పేరున కట్టే హాలుకు ముందే దినాల భోజనం అయిపోయింది.

ఆ సాయంత్రం మా బాపు, జన్మలో ఎన్నడూ లేనిది, వదినకు కోడికూర పంపించాడు. నేనే తీసుకెళ్లాను. ఆమె తిని, చేయి కడుక్కుని, గిన్నె నా చేతికిచ్చింది.

"కూర మంచిగైందని చెప్పు. జాగ మాత్రం రాదని సుత చెప్పు."

కరుణాకర్ రోజూ రావడం మొదలుపెట్టాడు. ఎమ్మెల్యే ముందు నవ్వులపాలయ్యాడు. ఫండు గడువు ముంచుకొస్తోంది. మొదట బతిమాలాడు. తర్వాత కులం నుంచి వెలివేస్తామని గొణిగాడు. "సచ్చినదాన్ని ఏం ఎలేస్తవ్?" అంటే నోరు మూసుకుని మళ్లీ బతిమాలాడు. చివరికి కొత్త రాయి చేయించి, తానే దగ్గరుండి తెచ్చి, జాగలో నిలబెట్టాడు. ఈసారి డీజే లేదు, ఎమ్మెల్యే లేడు. వాళ్లు నలుగురు, ఆమె, నేను.

"ఇగ సదువు అరుణ్," అన్నాడు కరుణాకర్ నాతో, చెమట తుడుచుకుంటూ.

నేను నోరు తెరిచాను. బాలవ్వ చేయి అడ్డం పెట్టింది.

"నువ్వద్దు."

"ఎందుకు?"

"మీ బాపు కోడికూర పంపిండు."

నాకు కోపం వచ్చింది. ఇన్ని ఊళ్లు తోలుకుని తిరిగింది నేను. అయినా ఆమె ముఖం చూశాక ఆ మాట అనలేదు. కార్డు రాసినవాడు ఆమెకు చదివి చెప్పలేదు, గేటు మీద పేరు రాసినవాడు అడగలేదు. మైకువాడు, రాయి చెక్కినవాడు, వీళ్లంతా చదువుకున్నవాళ్లే. నేను కూడా చదువుకున్నవాడినే, ఎంతో కొంత.

ఆమె రోడ్డు అంచుకు నడిచింది. జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లే పల్లెవెలుగు వస్తుంటే చేయెత్తింది. బస్సు ఆగింది. లేడీ కండక్టరు తలుపు దగ్గరికి వచ్చి, "జల్ది ఎక్కవ్వా," అంది.

"ఎక్కుత బిడ్డా. ముందుగాల గా రాయి మీద మొదటి లైను సదువు. ఏం ఉంటే గదే సదువు."

కండక్టరు ఆమెనూ, రాయినీ, చొక్కాలు తడిసి నిలబడ్డ సంఘం పెద్దలనూ చూసింది. బస్సులోంచి తలకాయలు బయటికొచ్చాయి. ఆమె కళ్లు చిట్లించి, బడిపిల్లలా ఒక్కో మాటా విడదీసి చదివింది.

"స్థలదాత, శ్రీమతి బాలవ్వ గారు."

"ముంగట ఇంకేం లేదు గద?"

"ఏం లేదు. ఎవలు బాలవ్వ?"

"నేనే."

"బతికుండంగనే ఏసిండ్రా!" అంది కండక్టరు. "మంచిదే. ఎక్కుతవా, ఎక్కవా? ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు ఉన్నదా?"

కరుణాకర్ కారు తలుపు తీసి పరుగెత్తుకొచ్చాడు. "పెద్దవ్వా, కారున్నది గద! ఏసీ ఏసి పెట్టిన. ఆఫీసుకు బస్సుల పోతరా ఎవలన్న?"

ఆమె అప్పటికే మెట్టు మీద ఉంది. "నువ్వు ఎన్క నుంచి రా," అంది. తలుపు పడింది.

హాలు సంగతి నాకు తెలుసు. కడతారు. షట్టరు బిగిస్తారు. తాళం దగ్గర కొట్లాడుకుంటారు. రెండేళ్లకు అందులో వడ్ల బస్తాలో, శ్యాంసుందర్ ఇంటి సామానో ఉంటుంది. దాని మీద నాకు ఏ గౌరవమూ లేదు, రాదు కూడా. నా బండి తీసి వాళ్ల వెనక పడ్డాను, వేలిముద్ర పడటం చూద్దామని.

పల్లెవెలుగు కాబట్టి ప్రతి స్టేజీలో ఆగింది. కోడిపెట్టల గంప దించేదాకా ఒకచోట, ఎవరో బాలింతను ఎక్కించేదాకా ఇంకోచోట. ఆగిన ప్రతిచోటా, దాని పొగలో, అధ్యక్షుడి తెల్ల కారు కూడా ఆగి నిలబడింది.